పిస్టల్ మీది రెండు మీటలు

గోల్‌మురిలోని పోలీస్ లైన్స్ వంటి చోట, కోత్ అని పిలిచే ఆయుధాల గదినుంచి పిస్టల్ ఒకరి చేతికి వెళ్లి, డ్యూటీ ముగిశాక మరొకరి చేతికి తిరిగి అందుతుంది కనుక, దానిమీది చిన్న మీట ఏ పని చేస్తుందన్న ప్రశ్నకు కాల్చే క్షణంలో కంటే అప్పగించే క్షణంలోనే విలువ ఎక్కువ. సేఫ్టీ క్యాచ్ అనే మీట, వెనక్కి లాగి ఉంచిన హ్యామర్‌ను, అంటే తూటాను పేల్చే పిన్నును కొట్టే చిన్న సుత్తిని, కదలకుండా పట్టి ఉంచుతుంది. డీకాకర్ అనేది ఆ హ్యామర్ దెబ్బ పిన్నుకు తగలకుండా చూస్తూ దాన్ని కిందికి దించేస్తుంది.

భారత పోలీసులు, సైనికులు దశాబ్దాలుగా వాడిన 9 ఎంఎం ఆటో పిస్టల్ 1ఏ ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైంది. 1935 నాటి బ్రౌనింగ్ హై-పవర్ దీనికి మూలం. ఇది సింగిల్ యాక్షన్ ఆయుధం. దీని ట్రిగ్గర్ హ్యామర్‌ను వదలగలదే తప్ప పైకి లేపలేదు. దీనికి సేఫ్టీ క్యాచ్ ఉంది, డీకాకర్ లేదు. ఆ క్యాచ్ వేస్తే పైభాగమైన స్లైడ్ కూడా బిగుసుకుపోతుంది కాబట్టి, తూటా కూర్చునే చాంబర్‌ను ఖాళీ చేయాలంటే ముందు రక్షణనే తొలగించాలి. మేగజైన్ లేకుంటే ట్రిగ్గర్ పనిచేయకుండా ఇందులో ఉన్న ఏర్పాటు మరింత జాగ్రత్త కోరుతుంది: మేగజైన్ తీయగానే ఆయుధం ఖాళీ అయిందనుకుని, హ్యామర్ దించడానికి ఖాళీ మేగజైన్ పెట్టి ట్రిగ్గర్ నొక్కితే, చాంబర్‌లో మిగిలిన తూటా పేలుతుంది. భద్రత కోసం చేర్చిన ఏర్పాటే ఇక్కడ ప్రమాదానికి దారి చూపడం తీవ్రంగా ఆలోచించవలసిన విషయం.

1929లో వచ్చిన వాల్తర్ పీపీలో ఒకే మీట రెండు పనులూ చేస్తుంది. బెరెట్టా 92ఎఫ్ఎస్‌లోనూ అంతే. అందులో మీట వేసి ఉండగానే స్లైడ్ లాగి చాంబర్ ఖాళీ చేయవచ్చు కనుక, అప్పగింతకు ఈ పద్ధతే మేలు. అయితే హై-పవర్ మీటను కాల్చడానికి కిందికి, బెరెట్టా మీటను పైకి నెట్టాలి; ఒకదానికి అలవాటుపడిన బొటనవేలు రెండోదానిలో పొరబడుతుంది. అందుకే ఒకే దళానికి రెండు రకాలూ ఇవ్వడం సరికాదు. సిగ్ పీ220లో డీకాకర్ మాత్రమే ఉంటుంది. గ్లాక్‌లో రెండు మీటలూ లేవు, పైగా దాన్ని విడదీయడానికి ట్రిగ్గర్ నొక్కవలసి ఉంటుంది.

హ్యామర్ దించిన పిస్టల్‌లో తూటా అలాగే ఉంటుంది. అందువల్ల ఏ మీట ఉన్నా, పిస్టల్ మూతిని సురక్షితమైన దిక్కుకు తిప్పి, మేగజైన్ తీసి, స్లైడ్ లాగి, చాంబర్‌ను కంటితో చూసి, వేలితో తడిమిన తరువాతే దాన్ని కోత్‌కు అప్పగించాలి.