ఒక్క అరుగు మీద అన్ని తరగతులు

ధర్మపురి శేషప్ప కవి నరసింహ శతకాన్ని బడిపిల్లల కోసం రాయలేదు, తన స్వామికి మొర పెట్టుకున్నాడు. అయినా తరతరాల పిల్లలు దాన్ని బడిలోనే నేర్చారు. ఒంటి పంతులు బడికి శతకం అతికినట్టు సరిపోతుంది. ఏ పద్యానికా పద్యం విడి. నిన్న చేరినవాడు మొదటిది పట్టుకుంటాడు, మూడేళ్లుగా వస్తున్నవాడు అరవయ్యోది అప్పజెబుతాడు. సీసపాదాలకు నోరు తిరగని పసివాడు కూడా మకుటం రాగానే గొంతు కలుపుతాడు. పద్యం రాకముందే నడక చెవికెక్కుతుంది.

ధర్మపురి ఉన్న నిజాం ఏలుబడిలో సర్కారు బడి ఉర్దూలో నడిచేది. తెలుగు చదువు ఇళ్లలో, ఖాన్గీ (ప్రైవేటు) బడుల్లో నిలిచింది. ఒక అరుగో గుడి మంటపమో, ఒక పంతులు, అంతే. ఒకడు ఇసుకలో ఓనమాలు దిద్దుతుంటే పక్కవాడు పలక మీద గుణింతం రాస్తాడు, ఆ పక్కన ఎక్కాలు. పంతులు పెద్దపిల్లలకు చెబితే వాళ్లు చిన్నవాళ్ల వేలు పట్టి దిద్దిస్తారు. చెప్పేవాడికి పాఠం గట్టిపడుతుంది, పక్కన కూర్చుని వినేవాడికి రేపటి పాఠం ఇవాళే సగం వచ్చేస్తుంది. నాకు ఈ బడిలో అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఈ పక్కన కూర్చోవడమే.

ఇలాంటి బడి మద్రాసు వైపూ ఉండేది. మద్రాసు అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్ అక్కడి బడిపిల్లలు ఇసుకలో రాయడం చూసి తన ఆశ్రమంలో అదే పెట్టాడు, పిల్లలచేత పిల్లలకు చెప్పించాడు. 1797లో లండన్‌లో దాని గురించి పుస్తకం వేశాడు. ఇంగ్లండులో ఆ చదువు ‘మద్రాసు పద్ధతి’ పేరుతోనే పాకింది. ఈ బడులకు ఇంకో ముఖమూ ఉంది. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ తన జిల్లా బడుల గురించి రాస్తూ, పొద్దున అందరికన్నా ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారని చెప్పాడు. రెండోవాడికి సున్నా. మూడోవాడి నుంచి దెబ్బలు.

దెబ్బలతో ఆగలేదు, చేతులు కట్టి దూలానికి వేలాడదీసే కోదండం వేయడమూ ఉండేది. పైగా ఆ అరుగు ఎక్కడానికి ఎన్నో కులాల పిల్లలకు, చాలామంది ఆడపిల్లలకు వీలే లేదు. ఆ బడిని మెచ్చుకునేటప్పుడు నేను ఇది మరవలేను.

వేదం చదివే ఇళ్లలో పద్ధతి ఇంకా కచ్చితం. సంత, అంటే విని వల్లించే పాఠం, చెప్పేటప్పుడు గురువు ఒకసారి అంటే శిష్యులు రెండుసార్లు అంటారు. ఒక పనస (చిన్న వేదభాగం) నోటికి నిలవందే తర్వాతిదానికి పోరు. పదం, క్రమం, జట, ఘన అనే వల్లె పద్ధతులన్నీ ఆ వరసలోనే. ఏడాది తిరిగిందని పై మెట్టు ఎక్కించడం లేదు.

ఇవాళ ఇంటి దగ్గరే చదివించే తల్లిదండ్రులు వెతుక్కుంటున్నదీ ఇదే నడక. అక్క పాఠం తమ్ముడి చెవిన పడుతుంది, రానిదాని దగ్గర ఆగే వీలుంటుంది. ఇంటికి లోటు ఒకటే, ఇరుగుపొరుగు పిల్లలు లేకపోవడం. బడిలో ఆ లోటుండదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ బడి వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన చిన్న బడుల్లో పిల్లలు గోడ మీది నిచ్చెన బొమ్మలో తమ మెట్టు చూసుకుని పాఠం అట్ట తామే తీసుకుంటారు. ఆ గదిలో పంతులు దగ్గర ఒక గుంపు కూర్చుంటుంది, తోటిపిల్లల సాయంతో చదివేవాళ్లకు వేరే చోటుంటుంది.