ఊగే బేరింగుకు వేగం లెక్కెందుకు?

ఫుల్ సస్పెన్షన్ మౌంటెన్ బైకుల పివట్ బేరింగుల ప్రకటనల్లో 'ఏబెక్ 7' అన్న గొప్ప కనిపించినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఈ వారం మళ్లీ కనిపించింది. ఏబెక్ అంకె చెప్పేది కొలతల కచ్చితత్వం ఒక్కటే. నిమిషానికి వేల చుట్లు తిరిగే షాఫ్టుకు అది కావాలి. ఉక్కు ఎలాంటిదో, సీలు ఎంత గట్టిదో, లోపల గ్రీజు ఎంతుందో ఆ అంకె చెప్పదు. పైగా వెనక చక్రాన్ని పట్టుకునే లింకుల్లో బేరింగు పూర్తి చుట్టు ఎన్నడూ తిరగదు. చక్రం రాయెక్కితే కొన్ని డిగ్రీలు అటు, దిగితే అంతే ఇటు. తలుపు బందు పనే అది, కాకపోతే మనిషి బరువు మీద పడుతుండగా చేయాలి.

చిక్కంతా ఆ ఊగడంలోనే ఉంది. తిరిగే బేరింగులో బంతులు గ్రీజును లాక్కెళ్లి రేసంతా పూస్తుంటాయి. ఊగే బేరింగులో అవే బంతులు అదే చోట రుద్దుకుంటాయి. అక్కడి గ్రీజు పక్కకు జరిగిందంటే మళ్లీ రాదు. పాడైనదాని సీలు అంచు కింద సూది పెట్టి లేపితే సంగతి తెలిసిపోతుంది: గ్రీజు ఉండాల్సిన చోట ఎర్రటి తుప్పునీరు, తుడిచి చూస్తే రేసు మీద బంతికొకటి చొప్పున వరసగా చిన్న గుంటలు. వేలితో తిప్పితే ప్రతి గుంటలోనూ తట్టుకుని ఆగుతుంది. మోసే బరువూ తక్కువ కాదు. చాలా బైకుల్లో షాక్ కదిలే దూరానికి రెండున్నర, మూడు రెట్లు చక్రం కదులుతుంది. అంటే షాక్ మీద పడే బలం కూడా చక్రం మీది బలానికి దాదాపు అన్ని రెట్లు. షాక్‌ను నొక్కే లింకులోని సన్నటి బేరింగులకు ఆ భారం తప్పదు.

అందుకే కేజ్ తీసేసి, ఆ జాగాలో ఇంకొన్ని బంతులు నింపిన బేరింగులు వచ్చాయి. ఎండ్యూరో కంపెనీ 'మ్యాక్స్' పేరుతో అమ్మేవి ఇవే. వేగంగా తిప్పితే బంతులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి గానీ ఇక్కడ వేగమే లేదు. ఈ లెక్కన ప్రతి పివట్‌కూ అవే వేయించండి అనాలి. అనను. పివట్ బేరింగుల్లో చాలావరకు బరువుకు చితికిపోవు, నీళ్లు దిగి తుప్పుపట్టి పోతాయి. బంతులు పెరిగితే తుప్పు ఆగదు. బంతులు ఎక్కించేందుకు రేసులో గాడి కోసిన రకమైతే పక్కనుంచి తోసే బలానికి కాస్త బలహీనం కూడా. షాక్ లింకుకు అవి సరే. మిగతా చోట్ల పేరున్న కంపెనీ మామూలు ఉక్కు బేరింగు చాలు; రెండు వైపులా రేసును తాకే రబ్బరు సీలు మాత్రం ఉండాలి. ఎన్‌టీఎన్ బేరింగు మీద ఎల్ఎల్‌యూ అంటే తాకే సీలు, ఎల్ఎల్‌బీ అంటే తాకనిది. బిగించే ముందు సీలు లేపి, నీటికి కరగని గ్రీజు దాదాపు నిండా కూరాలి. ఫ్యాక్టరీలో మామూలుగా మూడో వంతుకు అటూ ఇటూగానే నింపుతారు, అది తిరిగేవాటి లెక్క.

సీలు తాకితే బిగుతు పెరుగుతుందిగా అంటారు. చక్రం హబ్‌లో అది పట్టించుకోవాల్సిన మాటే. పొడవాటి వెనక ఫ్రేము చివరినుంచి చక్రం తోస్తున్నప్పుడు ఆ బిగుతు లెక్కలోకి రాదు. స్టెయిన్‌లెస్ వేస్తే పోలా అని మరో మాట. ఉప్పుగాలి తగిలే విశాఖలాంటి ఊళ్లలో ఆ వాదనకు బలముంది, ఒప్పుకుంటాను. కానీ గ్రీజు కొట్టుకుపోయాక గుంటలు పడకుండా స్టెయిన్‌లెస్ కూడా కాపాడలేదు. ప్రెషర్ వాషర్ మీద నా పాత గొడవ ఈ కాలమ్ చదివేవారికి కొత్త కాదు: ఆ నీటిధార పివట్ మీద పడితే ఏ సీలూ నిలబడదు.

నంబరు ఒక్కటే నమ్మి ఆర్డర్ పెట్టకండి. 6902, 6802 రెండింటికీ లోపలి వ్యాసం 15 మిల్లీమీటర్లే. మొదటిదానికి బయటి వ్యాసం 28, వెడల్పు 7, రెండోదానికి 24, 5. కొన్ని ఫ్రేముల్లో లోపలి రేసు పక్కకు పొడుచుకొచ్చి ఉంటుంది. అక్కడ మామూలుది వేస్తే లింకు ఫ్రేముకు ఒరుసుకుంటుంది. పాతది ఒకటి బయటికి తీసి, రెండు రేసుల వెడల్పూ వెర్నియర్‌తో విడివిడిగా కొలిచాకే డబ్బు కట్టండి.