ఎడ్ల మధ్య ఎడం

సోమవారం మా గల్లీలో ఫైబర్ తెగింది. అతికించడానికి వచ్చిన పిలగాడు వెంట్రుకంత గాజుపోగును మిషన్‌లో పెడుతూ, "వెలుగు తగ్గితే పెంచొచ్చు సార్, చెదిరితేనే తిప్పలు" అన్నాడు. ఆ మాట వారమంతా నన్ను వదల్లేదు.

నా పాత పాట మీకు తెలిసిందే: కలిసి బయలుదేరినవాళ్లు కలిసే చేరాలి. అది నాకెక్కడ పట్టుకుందో మళ్లీ చెబుతా, ఓర్చుకోండి. పసుపు బండ్ల మీద నిజామాబాద్ యార్డుకు పోయే రోజుల్లో ఆర్మూర్ నుంచి మావి పది బండ్లు ఒకే జాములో కదిలేవి. ముప్పై కిలోమీటర్లు కూడా లేని దారి. తెల్లారేసరికి మొదటి బండి కాంటా దగ్గర, మా తాత బండి ఇంకా మాక్లూర్ దాటక. ఆ సందులో వెనక ఊరి బండ్లు మా వరసలో దూరేవి. ఏ బస్తా ఎవరిదో తేల్చేసరికే పొద్దెక్కేది. నేను అలిగితే తాత, "పక్కపక్కన తోలితే ఎడ్లు కుమ్ముకుంటయ్ బిడ్డా, జరంత ఎడం ఉండాలె" అనేవాడు. చేతగాక చెప్పే సాకు అనుకునేవాణ్ని.

గాజుపోగులోనూ అదే తంతు. ఒక్క వెలుగు పల్స్ ఎంత సన్నదైనా కొన్ని రంగుల గుంపు. గాజులో ఒక్కో రంగుది ఒక్కో నడక. పైగా వెలుగంతా నడిమి పోగులోనే ఉండదు, కొంత చుట్టూ ఉన్న పొరలోకి ఒరుగుతుంది. ఎంతన్నది రంగును బట్టి, దాంతోనూ నడక మారుతుంది. 1550 నానోమీటర్ల దగ్గర, ఒక నానోమీటరు తేడాకు కిలోమీటరుకు సుమారు 17 పికోసెకన్ల ఎడం పడుతుంది. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు. నవ్వకండి. నానోమీటరులో పదోవంతు వెడల్పున్న పల్స్ 100 కిలోమీటర్లు పోతే 170 పికోసెకన్లు సాగుతుంది. సెకనుకు 10 గిగాబిట్ల లైన్‌లో ఒక్కో బిట్‌కు దక్కే చోటు 100. వెనక బండి వరసలో దూరినట్టే. దారిలో వెలుగు పెంచే పెట్టె పెట్టినా, ఆ సాగింది సాగినట్టే పెరుగుతుంది.

అందుకని ఇంజనీర్లు పోగు కట్టు మార్చి, గాజు పెట్టే ఎడానికి పోగు ఆకారం పెట్టే ఎడాన్ని ఎదురొడ్డి, 1550 దగ్గర లెక్క సున్నా చేశారు. జపాన్‌లో ఆ రకం విరివిగా పరిచారు. నా పాటే గెలిచిందని మురిసిపోయాను. కానీ ఒకే పోగులో అనేక రంగుల్లో అనేక లైన్లు పంపబోతే బోల్తా కొట్టింది. అన్నీ అడుగులో అడుగు వేస్తూ పోయేసరికి, ఒకదానితో ఒకటి కలిసి ఎవరూ పంపని కొత్త రంగులు పుట్టి పక్క లైన్ల మీద పడ్డాయి. 1990ల్లో వచ్చిన పోగుల్లో కొంచెం ఎడం కావాలనే ఉంచారు.

ఇన్నేళ్లుగా ఇక్కడ వాయించిన పాటను ఈ వారం ఆపేస్తున్నాను. తాతే రైటు.