అక్షరం చెదిరినా గీత చెదరదు

వాంగ్ డోంగ్లింగ్ రాస్తుంటే చూడాలి. నేల నిండా పరిచిన కాగితం, మనిషెత్తు కుంచె. ఆయన ఆ కాగితం మీద నడుస్తూనే రాసుకుపోతాడు. ఒక వరుస మీదికి ఇంకో వరుస ఎక్కుతుంది, అక్షరాలు ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి, చివరికి చైనా పండితులకు కూడా చదవడం గగనమవుతుంది. దీన్ని 'లువాన్‌షు' అంటారు, గజిబిజి రాత. కానీ ఆ గజిబిజిలోంచి ఏ అక్షరాన్ని విడదీసి చూసినా గీతల క్రమం తప్పదు. 1945లో జియాంగ్సులో పుట్టి, హాంగ్‌జౌలోని చైనా కళా అకాడమీలో ఎందరికో రాత నేర్పిన మనిషాయన. ఇవాళ్టి చైనా కాలిగ్రఫీలో ఆయన్ని మించినవారు లేరని నా నమ్మకం. ఒప్పుకోనివాళ్లు ఉంటే ఉండనివ్వండి.

ఆ గీతలో ఏముందో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. మొదలుపెట్టేటప్పుడు కుంచె మొనను ముందుగా వెనక్కి తిప్పి, తర్వాత వెళ్లాల్సిన దిక్కుకు మళ్లిస్తారు. అందుకే గీత మొదట్లో మొన గుర్తు కనపడదు, నున్నగా గుండ్రంగా ఉంటుంది. సాగినంతసేపూ మొన గీత నడిమధ్యనే ఉండాలి. అప్పుడే సిరా రెండు పక్కలా సమంగా దిగుతుంది. వేగం పెరిగి సిరా తగ్గేసరికి కుంచె వెంట్రుకలు విడిపోయి, నలుపు మధ్య తెల్లని చారలు మెరుస్తాయి. దాని పేరు 'ఫెయ్‌బాయ్'. కావాలని తెచ్చుకుంటే వచ్చేది కాదది. ఇక అన్‌హుయ్ ప్రాంతపు షువాన్ కాగితం సిరాను ఇట్టే తాగేస్తుంది. చెయ్యి క్షణం తటపటాయిస్తే అక్కడ మచ్చ పడుతుంది, దిద్దడం కుదరదు.

ఈ కళ వయసు వేల ఏళ్లు. అందులో అందరూ తలవంచేది 353లో వాంగ్ షీజీ రాసిన 'లాంతింగ్ పీఠిక'కు. మొత్తం 324 అక్షరాలు. మళ్లీ మళ్లీ వచ్చే ఒకే అక్షరాన్ని వచ్చిన ప్రతిసారీ కొత్తగా రాశాడట! అసలు ప్రతిని తాంగ్ చక్రవర్తి తైజాంగ్ తన సమాధిలో పెట్టించుకున్నాడని అంటారు. మిగిలినవి నకళ్లే.

కళాకారుడు చియు జిజియే చేసిన సాహసం ఆ పీఠికతోనే. 1990లో మొదలుపెట్టి, దాన్ని వెయ్యిసార్లు ఒకే కాగితం మీద రాశాడు. రాసిన దాని మీదే మళ్లీ రాత! కాగితం నల్లబడిపోయింది, ఒక్క అక్షరం కనపడదు, అయినా చెయ్యి ఆగలేదు. నకలు రాయడమే సాధనగా పెరిగిన కళను ఆ కుర్రాడు ఇంకెవరూ పోలేనంత దూరం లాక్కుపోయాడు.

షు బింగ్ సంగతి మరీ విచిత్రం. అర్థమే లేని అక్షరాలు దాదాపు 4,000 కల్పించి, చెక్క మీద స్వయంగా చెక్కి, అచ్చువేసి, 1988లో బీజింగ్‌లో ప్రదర్శించాడు. అదే 'తియెన్‌షు'. చదవబోయినవాళ్లు ఒక్క ముక్క అర్థంకాక తెల్లబోయారు. తర్వాత 1990ల్లో ఇంగ్లీషు అక్షరాలనే చైనా గీతలతో చతురస్రాల్లో ఇమిడ్చాడు. సాంగ్ డాంగ్ అయితే 1995 నుంచి రాతిపలక మీద నీళ్లతో దినచర్య రాస్తున్నాడు. రాసింది రాసినట్టే ఆరిపోతుంది. కాగితం, సిరా ఖర్చు తగ్గుతుందని చిన్నప్పుడు తండ్రి నేర్పిన అలవాటది. బీజింగ్ పార్కుల్లో పెద్దవాళ్లు పొద్దున్నే స్పాంజి కుంచెలతో రాళ్ల మీద రాసేదీ నీళ్లతోనే. ఆ ముసలివాళ్ల చేతి నేర్పు చూసి ఎంతమంది గ్యాలరీ కళాకారులు సిగ్గుపడాలో!

ఎందుకంటే మరోపక్క జరుగుతున్నది చూస్తే ఒళ్లు మండుతుంది. సిరంజిలో సిరా నింపి కాగితం మీదికి చిమ్మేవాళ్లు, గొంతు చించుకుని అరుస్తూ కుంచెతో బాదేవాళ్లు బయలుదేరారు. వీడియోలకు లక్షల కళ్లు. కుంచె పట్టుకోవడం చేతకానివాడికి కేక ఒక్కటే దిక్కు. జనం దీన్ని 'చౌషు', వికారపు రాత అని తిట్టిపోస్తున్నారు. తిట్టనివ్వండి, కానీ అదే నోటితో వాంగ్ డోంగ్లింగ్‌నీ కలిపి తిట్టడం ఏం న్యాయం? ఆయన అక్షరాన్ని చెదరగొట్టింది అర్ధశతాబ్దం దాన్ని కుదురుగా రాశాకే. ఇంకోవైపు పర్యాటక దుకాణాల్లో అచ్చుయంత్రం గుద్దిపోసిన కాగితపు చుట్టలను చేతిరాతేనని అమ్మేస్తున్నారు.

2009లో యునెస్కో ఈ కళను తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. చైనా ప్రభుత్వం బడుల్లో కుంచె రాత నేర్పమంటోంది. మంచిదే. కానీ ఫోన్‌లో ఉచ్చారణ కొడితే అక్షరం దానంతటదే వచ్చేస్తుంటే, చదువుకున్నవాళ్లే పెన్ను పట్టగానే అక్షరం గుర్తురాక ఆగిపోతున్నారు. అక్షరం చేతిలో లేనివాడు దాన్ని చెదరగొట్టడమేమిటి?

అందుకే పాఠకులకు నాదొక్క మనవి. ఈసారి ఇలాంటి కుంచె రాత వీడియో ఏదైనా మీ ఫోన్‌లోకి వస్తే శబ్దం కట్టేయండి. రాసే మనిషిని, అతని జుట్టును, వేషాన్ని వదిలేసి కాగితాన్ని మాత్రమే చూడండి. గీత మొదలైన చోట, ముగిసిన చోట కళ్లు పెట్టండి. ఆ రెండు చోట్లా చెయ్యి తడబడితే, ఆ వీడియోను ఇంకొకరికి పంపకండి.