సోవియట్ తెలుగు ప్రచురణలు: బొమ్మ, అనువాదం, సేకరణ

మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయం, 1982లో దాని నుండి విడివడిన రాదుగ ప్రచురణాలయం రష్యన్ సాహిత్యాన్ని తెలుగులో ముద్రించి పంపాయి. విశాలాంధ్ర పుస్తక విక్రయశాలల ద్వారా ఆ గ్రంథాలు చౌక ధరకు పాఠకులకు అందాయి. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నంతో ఆ రాక ఆగిపోయింది. నాటి సచిత్ర ప్రతుల కోసం నేడు సేకర్తలు అన్వేషిస్తున్నారు. ఈ సేకరణను కేవలం గతకాలపు మమకారంగా పరిగణిస్తే, అనువాద పరిశోధనకు అవసరమైన ఒక ఆధారాన్ని విస్మరించినవారమవుతాం.

ఒక ఉదాహరణ చూద్దాం. రష్యన్ గ్రామీణ కథల్లో వృద్ధులు పొయ్యి మీద నిద్రిస్తారు. అగళి వంటి సీమ గ్రామంలో మూడు రాళ్ల పొయ్యిని ఎరిగిన పాఠకునికి ఈ మాట వింతగానో, హాస్యంగానో తోస్తుంది. అక్కడి పొయ్యి గదిలో పెద్ద భాగాన్ని ఆక్రమించే ఇటుక కట్టడం. వంటకూ, ఇంటి వెచ్చదనానికీ అదే ఆధారం. దాని పైభాగం పడకకు అనువైన అరుగు. అనువాదకుడు 'పొయ్యి' అంటే అర్థం కుంచించుకుపోతుంది. 'పేచ్క' అంటే పాఠకుడు తడబడతాడు. అధోజ్ఞాపిక చేర్చితే కథాగమనం తెగుతుంది. పక్క పుటలో ఆ పొయ్యి బొమ్మ ఉన్నప్పుడు మన 'పొయ్యి' అన్న మాటే కొత్త అర్థాన్ని ఇముడ్చుకుంటుంది. అక్కడ బొమ్మ అలంకారం కాదు, అనువాదంలో భాగం.

అయితే బొమ్మ ఎల్లప్పుడూ మేలే చేస్తుందనలేం. టాల్‌స్టాయ్ 'పునరుత్థానం' 1899లో 'నీవ' పత్రికలో వెలువడినప్పుడు లియొనిద్ పాస్తర్నాక్ రచయితను సంప్రదిస్తూ బొమ్మలు గీశాడు. రచయిత ఎరుకలో గీసిన బొమ్మ అయినా, పాఠకుడు ఊహించుకోవలసిన ముఖాన్ని ముందే నిర్ణయిస్తుంది. ఈ లాభనష్టాల తులనాత్మక పరిశీలన విమర్శకుని బాధ్యత.

మాస్కోలో అనువాదకుడిగా పనిచేసిన కడప జిల్లా విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి 'అనువాద సమస్యలు' గ్రంథానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తెలుగులో అనువాద చర్చ ప్రధానంగా పదం, వాక్యం చుట్టూ సాగింది. దానిని పుట దాకా విస్తరించాలి.

అందుకు మూలప్రతులు కావాలి. బొమ్మలు తొలగించి తిరిగి అచ్చువేసిన ప్రతి, పాఠాన్ని నిలిపినా పఠనానుభవాన్ని నిలపదు. పాత పుస్తకానికి కొత్త అట్ట కట్టేటప్పుడు చిత్రించిన ముఖపత్రం పోతే ఆ నష్టం తీరనిది. సేకర్తకు మచ్చలేని ప్రతి ముద్దు. పరిశోధకునికి చేతులు మారిన ప్రతి మరింత విలువైనది. అందులోని ధర, గ్రంథాలయ ముద్ర, పాఠకుని సంతకం ఆ గ్రంథం ఎవరిని చేరిందో చెబుతాయి.

కాబట్టి మన గ్రంథసూచికల్లో రచయిత, అనువాదకుల పేర్ల సరసన చిత్రకారుని పేరు, బొమ్మల సంఖ్య కూడా నమోదు కావాలి. సేకర్త భద్రపరచిన వస్తువు అప్పుడే సాహిత్యచరిత్రకు ఆధారమవుతుంది.