మల్లుని యుత్తరజీవితము: వీరరసవిచారము

వీరరసమునకు స్థాయిభావము ఉత్సాహమని యాలంకారికులు చెప్పిరి, దేహబలమని చెప్పలేదు. మల్లులఁ గూర్చి వ్రాయువా రీ భేదమును మఱచుచున్నారు. బలము సన్నగిల్లిన పుటతోనే వారి కథ ముగియును. రావులపాలెపు అరటితోఁటలలో గెల కోసిన చెట్టును నఱకివేయుదురు. కాని దాని మొదట లేచిన పిలకను రైతు విడువఁడు. మన చరిత్రకారులు చెట్టుతోఁ గూడఁ బిలకను ద్రొక్కివేయుచున్నారు.

దీనికిఁ దార్కాణము పోలండు మల్లుఁడగు స్టానిస్లావ్ త్సిగనేవిచ్. ఇతఁడు నాఁడు ఆస్ట్రియా కధీనమైయున్న పోలండుభాగమునఁ బుట్టి, జ్బిష్కో యను పేరఁ బ్రసిద్ధుఁ డయ్యెను. మనవా రితనిని గామాచేత నోడినవాఁడుగానే యెఱుఁగుదురు. 1910 సెప్టెంబరు 10వ తేదీని లండనులో రెండుగంటలకుఁ బైగా నేలను గఱచుకొనియుండి యోటమిఁ దప్పించుకొనెను. మరల నేర్పఱిచిన దినమున రాలేదు. 1928లో పటియాలాయందు నిమిషములోపలనే పడిపోయెను. మనవారు చెప్పు కథ యింతటితో సమాప్తము.

కాని యతఁడు పిమ్మట అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రమున సోదరుఁడు వ్లాడెక్‌తోఁ గూడ సేద్యపుభూమి నాశ్రయించి స్థిరపడి, పడుచువారికిఁ గుస్తీ నేర్పెను. ఆ పొలమునఁ బని చేయుచు విద్య నేర్చిన హార్లీ రేస్ 1973లో జగజ్జెట్టి బిరుదము నందెను. పరదేశమున నెలవును శిష్యులను సంపాదించినవానిని ఓడినవాఁ డని యెట్లందుము?

జూల్స్ డాసిన్ దర్శకత్వమున 1950లో వెలువడిన ‘నైట్ అండ్ ది సిటీ’ యను చలనచిత్రమున జ్బిష్కో గ్రెగోరియస్ అను వృద్ధమల్లుని పాత్ర ధరించెను. డబ్బునకై యాడు దొంగకుస్తీని రోయు నా వృద్ధుఁడు, తన్ను రెచ్చఁగొట్టిన జెట్టిని గెలిచి, కుమారుని చేతులలోఁ బ్రాణము విడుచును. ఆ పోరున ముదుసలి పట్టులలో నటన గానరాదు, చిరాభ్యాసమే కనఁబడును. చిత్రమున కదియే శోభ. అయినను దర్శకుఁడు మరణముచేత వీరమును కరుణమునకు లోఁబఱిచెను. బలముడిగిన మల్లునకు మృతియే తగిన ముగింపన్న పాతభ్రమ యిది. ఆ పాత్ర ధరించినవాఁడు మాత్రము 1967 దాఁక జీవించెను.

పొలము దున్నుటలో రస మెక్కడిదని కొంద ఱందురేమో! ఆయుధము పట్టని దానవీరుని, దయావీరుని, ధర్మవీరుని మన లాక్షణికు లంగీకరింపలేదా?

మన కోడి రామమూర్తినాయుఁడు త్రెంచిన గొలుసులు, ఱొమ్ముపై నెక్కించుకొన్న యేనుఁగు పిల్లలకుఁ గూడఁ దెలియును. కాలు పోఁగొట్టుకొన్న పిదప నతఁడు గడపిన దినములను, 1942లో ఒడిస్సాలోని బలంగీరున మరణించుటను త్వరగా దాఁటిపోవుదుము. అతని యుత్సాహమున కసలైన పరీక్ష యా దినములలోనే కదా! ఇఁకనైన మన చరిత్రకారులు గెలతో నిలువక పిలకనుగూడఁ జూతురుగాక.