32 సంపుటాల్లో లేని ఉత్తరాలు

యులిసెస్ ఎస్. గ్రాంట్ పత్రాల మొదటి సంపుటం 1967లో అచ్చయింది. చివరిదైన 32వ సంపుటం 2012లో వచ్చింది. ఒక్క మనిషి రాతల్ని వెతికి, పోల్చి, తేదీలు తేల్చి, వివరణలు రాసి ప్రచురించడానికి 45 ఏళ్ళు పట్టిందన్నమాట. అమెరికా అంతర్యుద్ధం చివరి ఏడాదిలో ఉత్తరాది సైన్యాలన్నిటికీ నాయకత్వం వహించి, 1865లో దక్షిణాది సేనాని రాబర్ట్ ఇ. లీని లొంగదీసుకుని, 1869 నుంచి 1877 దాకా దేశాధ్యక్షుడిగా ఉన్న జనరల్ అతను. కాబట్టి ఆ శ్రద్ధలో ఆశ్చర్యం లేదు. ప్రధాన సంపాదకుడు జాన్ వై. సైమన్ 2008లో చనిపోయేదాకా ఈ పనిలోనే ఉన్నాడు. ఈ కాయితాల ప్రతులు, వాటిని పోగుచేసిన సంస్థ ఆ తర్వాత మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీకి చేరాయి. 1863లో గ్రాంట్ విక్స్‌బర్గ్‌ను ముట్టడించి గెలిచిన రాష్ట్రం అదే.

సైనిక చరిత్ర చదివేవాళ్ళు ఈ సంపుటాల్లో యుద్ధాల కోసం వెతుకుతారు. నేను వెతికింది ఇంకొకటి. ఇందులో అచ్చయిన వ్యక్తిగత ఉత్తరాల్లో చాలా భాగం ఒకే ఒక్క స్త్రీకి రాసినవి. ఆ స్త్రీ జూలియా డెంట్. 1844లో వాళ్ళిద్దరి మధ్య పెళ్ళిమాట కుదిరింది. ఆ ఏడాది జూన్‌లో లూసియానాలోని సైనిక శిబిరం నుంచి అతను ఆమెకు రాసిన ఉత్తరం ఈ వరసలో మొదటిది. పెళ్ళి 1848 ఆగస్టులో అయింది. మధ్యలో నాలుగేళ్ళు, మెక్సికో యుద్ధం, ఉత్తరాలే వాళ్ళ సంసారం. ఆ తర్వాత పసిఫిక్ తీరపు కోటల నుంచి, అంతర్యుద్ధపు గుడారాల నుంచి కూడా రాశాడు. 1885లో గొంతు క్యాన్సర్‌తో మాట పోయి, చెప్పదలచుకున్నదంతా కాయితం ముక్కల మీద రాసి చూపించే రోజుల్లో కూడా జూలియాకు ఒక ఉత్తరం రాసి పెట్టుకున్నాడు. అది అతను చనిపోయాక దుస్తుల్లో దొరికింది.

ఈ ఉత్తరాలు మన దాకా ఎలా వచ్చాయి? ఆమె దాచిపెట్టబట్టి. భర్త ఉద్యోగంతో, అప్పులతో, యుద్ధంతో ఇల్లు ఎన్నిసార్లు మారినా వాటిని పారేసుకోలేదు. ఆ తర్వాత కుటుంబం కాపాడింది. గ్రాంట్ ఎవరికీ చూపించని మెత్తదనం, దిగులు, బెంగ చరిత్రకారులకు దొరికాయంటే అది జూలియా చేసిన పని ఫలితమే. కానీ భద్రపరచడాన్ని మనం పనిగా లెక్కపెట్టం. బట్టలు మడతపెట్టినట్టు, పచ్చళ్ళు జాడీల్లో పెట్టినట్టు, అది ఇంటి ఆడవాళ్ళకి సహజంగా వచ్చే అలవాటు అనుకుంటాం. సంపాదకుడి 45 ఏళ్ళ శ్రమకు టైటిల్ పేజీ ఉంది. ఆమె శ్రమకు లేదు.

మరి ఆమె రాసిన జవాబులు? ఆమె గ్రాంట్‌కు రాసిన ఉత్తరాలు దాదాపు ఏవీ మిగల్లేదు. 40 ఏళ్ళ సంభాషణలో మనకు వినిపించేది ఒక గొంతే. ఈ సంపుటాల అమరిక కూడా దాన్నే బలపరుస్తుంది. గ్రాంట్ రాసినవి పైన పెద్ద అక్షరాల్లో ఉంటాయి. అతనికి వచ్చినవి కింద, చిన్న అక్షరాల్లో, వివరణల భాగంలో ఉంటాయి. ‘ఒక వ్యక్తి పత్రాలు’ అన్న ప్రక్రియ స్వభావమే అది, సంపాదకుల్ని తప్పుపట్టడానికి లేదు. అయితే ఆ ప్రక్రియను మారుమాట లేకుండా ఒప్పుకుంటే, ఉత్తరం అనేది ఇద్దరు మనుషుల మధ్య జరిగే వ్యవహారం అన్న సంగతే మర్చిపోతాం.

ఆ మరపు ఎంత అన్యాయం చేస్తుందో 1852-54 మధ్య ఉత్తరాలు చదివితే తెలుస్తుంది. గ్రాంట్ దళాన్ని పసిఫిక్ తీరానికి పంపారు. పనామా భూసంధి దాటి వెళ్ళాలి. ఆ దారిలో కలరా సోకి చాలామంది చనిపోయారు. జూలియా నిండు గర్భిణి. రెండేళ్ళ పెద్దకొడుకుతో వెనక ఉండిపోయింది. అతను బయల్దేరిన నెలలోనే రెండో కొడుకు పుట్టాడు. ఆ బిడ్డను గ్రాంట్ 1854లో గానీ చూడలేదు. కాలిఫోర్నియాలోని హంబోల్ట్ కోట నుంచి రాసిన ఉత్తరాల నిండా ఒకటే ఫిర్యాదు. నన్నందరూ వదిలేశారు, ఇక్కడికి వచ్చాక నీ దగ్గర్నుంచి అందింది ఒకే ఒక్క ఉత్తరం, అదీ మూడు నెలల పాతది అంటాడు. 1854 ఏప్రిల్‌లో సైన్యానికి రాజీనామా ఇచ్చేశాడు.

ఈ ఉత్తరాల్ని మాత్రమే చదివితే మన మనసులో నిలిచే బొమ్మ ఏమిటి? ఏకాకి భర్త, పట్టించుకోని భార్య. ఆమె పక్షాన సాక్ష్యం ఇవ్వడానికి ఆమె ఉత్తరం లేదు కాబట్టి అతని ఫిర్యాదే తీర్పవుతుంది. అదే కాయితాల్ని ఇటువైపు నుంచి చదివి చూద్దాం. చంకలో పసిబిడ్డ, పక్కన ఇంకో బిడ్డ, పనామా మీదుగా నెలలు పట్టే టపా. వీటన్నిటికీ తోడు ఆమె కళ్ళు. జూలియాకు పుట్టుకతో మెల్లకన్ను. చదవడం, రాయడం రెండూ కష్టంగా ఉండేవి. రాయకపోవడం ఆమెకు ప్రేమ తక్కువని చెప్పే గుర్తు కాదు. ఒక శరీరం, ఒక ఇల్లు, ఒక తపాలా వ్యవస్థ కలిసి చేసిన సంగతి అది. గ్రాంట్ ప్రసిద్ధుడయ్యాక కంటికి ఆపరేషన్ చేయించుకోవాలని ఆమె అనుకుంది. చిన్నప్పుడే చేయించాల్సింది, ఇప్పుడు ఆలస్యమైందని డాక్టరు చెప్పాడు. నాకు ఆ కళ్ళే ఇష్టమని గ్రాంట్ అన్నాడట. జీవిత చరిత్రకారులకు ఈ కథ చాలా ఇష్టం. అతని ప్రేమకు నిదర్శనంగా దీన్ని మళ్ళీ మళ్ళీ చెబుతారు. ఆ కళ్ళతో ఆమె ఎలా చదువుకుందో, ఎలా రాసుకుందో అన్న ప్రశ్న మాత్రం ఆ కథలో ఉండదు.

ఆమె అక్షరాలు మిగిలిన కొద్ది చోట్లలో ఒకటి 1875 మే 22 నాటి చీటీ. అప్పుడు గ్రాంట్ అధ్యక్షుడు, ఇద్దరూ వైట్‌హౌస్‌లో ఉంటున్నారు. మనకు పెళ్ళిమాట కుదిరి ఇవాళ్టికి ఎన్నేళ్ళయింది, ఆ రోజు కూడా ఇలాగే ఉంది కదా అని ఆమె అడిగింది. 31 ఏళ్ళు, ఆ రోజు నేనెంత భయపడ్డానంటే ఎండ కాసిందో మంచు కురిసిందో గుర్తులేదు అని అతను అదే కాయితం మీద జవాబు రాశాడు. చిన్న చీటీ. కానీ ఇందులో ఇద్దరూ ఉన్నారు. ఆమె అడిగితేనే అతను గుర్తుచేసుకున్నాడు. మిగతా వందల ఉత్తరాల వెనక కూడా ఇలాంటి ప్రశ్నలు, వార్తలు, దెప్పుళ్ళు ఉండి ఉండాలి. అతని ఉత్తరాల్ని జవాబులుగా చదివితే చాలా వాక్యాల అర్థం మారుతుంది.

గ్రాంట్ తన జ్ఞాపకాల్ని చావుబతుకుల మధ్య రాసి 1885 జులైలో కన్నుమూశాడు. మార్క్ ట్వేన్ ప్రచురణ సంస్థ ఆ ఏడాది చివర్లోనే మొదటి సంపుటం తెచ్చింది. 1886లో జూలియాకు రెండు లక్షల డాలర్ల చెక్కు అందింది. దివాలా తీసిన కుటుంబం ఆ పుస్తకంతో నిలబడింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో జూలియా కూడా తన జ్ఞాపకాల్ని చెప్పి రాయించింది. కళ్ళు సహకరించవు కాబట్టి చెప్పి రాయించడం ఆమెకు దొరికిన మార్గం. అమెరికా అధ్యక్షుల భార్యల్లో ఆత్మకథ చెప్పుకున్న మొదటి స్త్రీ ఆమే. కానీ ఆమె 1902లో చనిపోయేనాటికి అది అచ్చు కాలేదు. 1975లో వచ్చింది. భర్త పత్రాల సంపాదకుడు సైమనే దాన్నీ పరిష్కరించాడు. భర్త పుస్తకం నెలల్లో బయటికొస్తే, భార్య పుస్తకం ఆమె చనిపోయాక 73 ఏళ్ళు ఆగింది.

ఈ రెండు పుస్తకాల్నీ పక్కపక్కన పెట్టి చదవడం తప్పనిసరి అని నేను అనుకోవడానికి ఒక బలమైన కారణం ఉంది. 1862 డిసెంబర్ 17న గ్రాంట్ తన అధీనంలోని ప్రాంతం నుంచి యూదులందర్నీ వెళ్ళగొట్టమని 11వ నంబర్ ఉత్తర్వు జారీ చేశాడు. అక్రమ పత్తి వ్యాపారాన్ని ఆపాలన్న సాకుతో ఒక మతస్తులందరికీ వేసిన శిక్ష అది. లింకన్ ఆదేశంతో 1863 జనవరిలో రద్దయింది. గ్రాంట్ ఆత్మకథలో దీని గురించి ఒక్క మాట లేదు. జూలియా పుస్తకంలో ఉంది. ఆ ఉత్తర్వును ఆమె తప్పని సూటిగా, గట్టి మాటతోనే ఖండించింది. భర్త దాటేసిన విషయాన్ని, భర్తను ఆరాధించే భార్య రాసింది. ఇలాంటి చోట ఆమె పుస్తకాన్ని ‘ఇంటి కబుర్లు’గా తీసిపారేయడం కుదరదు.

ఇక్కడితో వ్యాసం ఆపితే మనకు తృప్తిగా ఉంటుంది. మరుగున పడిన స్త్రీ గొంతును వెలికితీశాం, ఆ గొంతు ధైర్యంగా కూడా ఉంది. కానీ వెలికివచ్చిన ఆ గొంతు ఇంకెవరి గురించి ఏం చెబుతోందో కూడా వినాలి కదా.

జూలియా మిజోరీ రాష్ట్రంలో సెయింట్ లూయిస్ దగ్గరున్న వైట్ హేవెన్ అనే తోటలో పెరిగింది. తండ్రి ఫ్రెడరిక్ డెంట్ బానిసల యజమాని. ఎలైజా, డాన్, జాన్, జూలియా అనే నలుగురు తనవాళ్ళని ఆమె ఆత్మకథలో రాసుకుంది. చట్టప్రకారం యాజమాన్యం తండ్రి పేరు మీదే ఉండిందా అన్నది చరిత్రకారుల చర్చ. పని చేయించుకున్నది మాత్రం ఆమే. ఆ నాలుగో మనిషిదీ యజమానురాలి పేరే. ఆమెను జ్యూల్ అని పిలిచేవాళ్ళు. యుద్ధకాలంలో జూలియా భర్త శిబిరాలకు వెళ్ళినప్పుడల్లా పిల్లల్ని చూసుకోవడానికి జ్యూల్ వెంట ఉండేది. 1862 నవంబర్‌లో గ్రాంట్, పారిపోయి వచ్చిన బానిసల బాగోగులు చూడమని జాన్ ఈటన్ అనే సైనిక మతాచార్యుడిని నియమించాడు. ఆ శీతాకాలంలోనే అతని భార్య ఒక బానిస స్త్రీని వెంటబెట్టుకుని అతని సైన్యం మధ్యకు వచ్చింది. డిసెంబర్ 20న మిసిసిపీలోని హోలీ స్ప్రింగ్స్ మీద దక్షిణాది అశ్వికదళం దాడి చేసింది. జూలియా అప్పటికే ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న భర్త దగ్గరికి బయల్దేరి వెళ్ళింది. జ్యూల్ అక్కడ పట్టుబడబోయి తప్పించుకుందని ఒక్క వాక్యంలో రాసి ముందుకు సాగిపోయింది.

ఇంకో చోట, 1864 నాటి సంగతి చెబుతూ, కెంటకీలోని లూయివిల్ దగ్గర తన ఆయా తనను విడిచి వెళ్ళిపోయిందని రాసింది. మిజోరీకి తిరిగి వెళ్తే స్వేచ్ఛ పోతుందని భయపడి ఉంటుందని, తనకు ఇష్టమైన పిల్ల కాబట్టి బాధపడ్డానని, ఆ తర్వాత ఆమె పెళ్ళి చేసుకుందని చెప్పింది. జ్యూల్ కథ ఆ పుస్తకంలో అంతటితో సరి.

ఈ కొద్ది వాక్యాల్లోనే ఒక వైరుధ్యం ఉంది. లింకన్ విముక్తి ప్రకటన దాకా ఆ నలుగురూ తనవాళ్ళేనని జూలియా అంటుంది. అంటే 1863 జనవరి 1తో విముక్తులయ్యారని మనం అర్థం చేసుకోవాలి. కానీ ఆ ప్రకటన తిరుగుబాటు చేసిన ప్రాంతాలకే వర్తించింది. ఉత్తరాది పక్షానే నిలిచిన మిజోరీకి వర్తించలేదు. అక్కడ బానిసత్వం రద్దయింది 1865 జనవరిలో. 1864లో జ్యూల్ మిజోరీకి వెళ్ళడానికి భయపడిందంటే, చట్టం ఏం చెబుతోందో ఆమెకు యజమానురాలి కంటే బాగా తెలుసు. జూలియా జ్ఞాపకం మధ్యలో ఏడాది బానిసత్వాన్ని చెరిపేసింది. జ్యూల్ వెళ్ళిపోవడం ఆ చెరిపివేతను బయటపెట్టింది.

జ్యూల్ రాసిన కాయితం ఏదీ ఈ దస్తావేజుల్లో లేదు. అక్షరం రానివ్వకుండా చేసిన వ్యవస్థలో ఉండదు కూడా. ఆమెను విడిపించినట్టు ఎవరూ దస్తావేజు రాసిచ్చిన జాడ కూడా ఈ కథలో లేదు. దీన్ని ఇంకో కాయితంతో పోల్చి చూడాలి. 1859 మార్చి 29న గ్రాంట్, మామగారి దగ్గర కొన్న విలియం జోన్స్ అనే 35 ఏళ్ళ మనిషిని విడుదల చేస్తూ సెయింట్ లూయిస్ కోర్టులో దస్తావేజు రాసిచ్చాడు. చేతిలో డబ్బు లేని రోజుల్లో, అమ్ముకోకుండా విడిచిపెట్టాడు. ఆ కాయితం భద్రంగా ఉంది, సంపుటాల్లో ఉంది, ప్రతి జీవిత చరిత్రలోనూ ఉంది. అది మంచి పనే. కానీ యజమాని ఇచ్చిన స్వేచ్ఛకు కాయితం ఉంటుంది. బానిస స్త్రీ తనకు తానుగా తీసుకున్న స్వేచ్ఛకు ఉండదు. అది యజమానురాలి ఆత్మకథలో చిన్న మనస్తాపంగా మిగులుతుంది.

స్త్రీల రచనల్ని వెలికితీసే పనిలో ఉన్న మనందరికీ ఇక్కడ ఆలోచించాల్సింది ఉంది. 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చిన స్త్రీశక్తి సంఘటన, కాయితాల్లో దొరకని తెలంగాణ పోరాట స్త్రీల అనుభవాల్ని వాళ్ళ నోటితోనే చెప్పించి నమోదు చేసింది. అప్పటికి వాళ్ళు బతికే ఉన్నారు కాబట్టి అడగడం సాధ్యమైంది. జ్యూల్‌ని అడగగలిగినవాళ్ళు అడగలేదు. ఆమె విషయంలో మనకున్నది ఇంకొకరి పుస్తకంలోని కొన్ని వాక్యాలు, వాటిని వాటికి ఎదురుగా చదివే పద్ధతి.

జనరల్ ఉత్తరాల్లో జూలియా మౌనంగా ఉంది. జూలియా జ్ఞాపకాల్లో జ్యూల్ మౌనంగా ఉంది. ఈ రెండు మౌనాలూ ఒకటి కావు. మొదటిదానికి ప్రేమ, ఆస్తి, చివరికి ఒక అచ్చు పుస్తకం తోడున్నాయి. రెండోదానికి లూయివిల్ నుంచి ఒంటరిగా నడిచి వెళ్ళిన దారి తప్ప ఏదీ లేదు. ‘స్త్రీల గొంతు’ అని ఏకవచనంలో మాట్లాడితే ఈ తేడా కనిపించకుండా పోతుంది. గ్రాంట్ ప్రేమలేఖల్ని పాఠంగా చెప్పేవాళ్ళు జూలియా పుస్తకాన్ని కూడా విద్యార్థుల చేత చదివించాలి. చదివించినప్పుడు, ఆయా వెళ్ళిపోయిందన్న ఆ వాక్యం దగ్గర ఆగి, ఆమె ఎందుకు వెళ్ళిందో చర్చించాలి.